కుర్చీలు వెనక్కి తిప్పి పెట్టిన కుర్రాడు



బీటిల్స్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1960లలో ఇంగ్లండులోని లివర్‌పూల్ అనే రేవు పట్నం నుంచి బయల్దేరి ప్రపంచాన్ని ఒక ఊపు ఊపిన నలుగురు కుర్రాళ్ల బృందం అది. ఈ నెల నేను రాస్తున్నది ఆ నలుగురి గురించి కాదు. వాళ్లను, వాళ్లతోపాటు ఆ ఊరి సంగీతాన్ని ఒక నేలమాళిగలోంచి బయటికి తీసుకొచ్చిన ఐదో మనిషి గురించి. అతను ఆ బృందంలో గిటారు వాయించలేదు, వాళ్లకు పాటలు రాయలేదు. రికార్డుల షాపు నడిపేవాడు. పేరు బ్రయాన్ ఎప్‌స్టైన్. చనిపోయేనాటికి అతని వయసు 32 ఏళ్లు. ఇంట్లో తొమ్మిదో తరగతో పదో తరగతో చదివే పిల్లలున్నవాళ్లు ఈ కథను కాస్త నెమ్మదిగా చదవాలని నా మనవి.

బ్రయాన్ 1934 సెప్టెంబరు 19న లివర్‌పూల్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టాడు. తాత ఐజక్ లిథువేనియా నుంచి వలస వచ్చి వాల్టన్ రోడ్డులో ఫర్నిచర్ షాపు పెట్టాడు. తండ్రి హ్యారీ హయాంలో వ్యాపారం పెరిగింది. పక్కనే ఉన్న సంగీత వాయిద్యాల షాపు కూడా వీళ్ల చేతికి వచ్చింది. దాని పేరు నార్త్ ఎండ్ మ్యూజిక్ స్టోర్స్, పొట్టిగా నెమ్స్. పాల్ మెకార్ట్‌నీ వాళ్ల నాన్న తమ ఇంటికి పియానో కొన్నది ఆ షాపులోనే. బ్రయాన్ తల్లి పేరు మల్కా. హీబ్రూ భాషలో ఆ మాటకు రాణి అని అర్థం, అందుకే అందరూ ఆమెను క్వీనీ అని పిలిచేవారు. బ్రయాన్ తర్వాత రెండేళ్ల లోపే తమ్ముడు క్లైవ్ పుట్టాడు.

బట్టల షాపో బంగారం షాపో ఉన్న ఇళ్ల సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. పెద్దకొడుకు పుట్టగానే గల్లాపెట్టె దగ్గర రేపు ఎవరు కూర్చుంటారో తేలిపోతుంది. ఎప్‌స్టైన్ల ఇంట్లోనూ అంతే. మధ్యలో చదువు ఒకటి పూర్తి కావాలి, అంతే తేడా.

ఆ చదువే సాగలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో లివర్‌పూల్ రేవు మీద జర్మన్ బాంబులు పడుతుంటే, కుటుంబం ప్రెస్టాటిన్‌కు, అక్కణ్నుంచి సౌత్‌పోర్ట్‌కు మారింది. ఊరు మారినప్పుడల్లా స్కూలు మారింది. యుద్ధం ముగిసే రోజుల్లో సొంత ఊరికి తిరిగొస్తే లివర్‌పూల్ కాలేజ్ అనే పేరున్న స్కూల్లో చేర్చారు. పదేళ్ల వయసులో అక్కణ్నుంచి పంపేశారు. చదువు మీద శ్రద్ధ లేదు, బద్ధకస్తుడు అన్నది స్కూలు వాళ్ల కారణం. యూదు పిల్లాడు కావడం కూడా ఒక కారణమని ఇంట్లోవాళ్ల అనుమానం. ఆ తర్వాత ఒకటి తర్వాత ఒకటి, మొత్తం అరడజనుకు పైగా స్కూళ్లు. యూదుడని తోటి పిల్లలు ఎగతాళి చేసిన చోట్లూ ఉన్నాయి. చివరికి ష్రాప్‌షైర్‌లోని రెకిన్ కాలేజ్ హాస్టల్లో కాస్త కుదురుకున్నాడు. లెక్కలు, సైన్సు వల్ల కాదు. అక్కడ బొమ్మలు వేయనిచ్చారు, నాటకాల్లో వేషం కట్టనిచ్చారు.

పదహారు నిండబోతుండగా బ్రయాన్ నాన్నకు ఒక పొడుగాటి ఉత్తరం రాశాడు. బట్టల డిజైనర్ అవుతానని అందులో చెప్పాడు. ఇది 1950 నాటి మాట. ఫ్యాషన్ డిజైనింగ్ కాలేజీల ప్రకటనలు మన పేపర్లలో రోజూ చూస్తున్న మనకు ఆ ఉత్తరం ఇంట్లో ఎంత కలకలం రేపి ఉంటుందో ఊహించడం కష్టం. మగపిల్లాడు ఆడవాళ్ల గౌన్లు గీస్తాడా అన్నది హ్యారీ బాధ. ఒప్పుకోలేదు. అదే సెప్టెంబరులో, పదహారో పుట్టినరోజుకు ఇంకా తొమ్మిది రోజులుందనగా, బ్రయాన్ వారానికి 5 పౌన్ల జీతం మీద ఫర్నిచర్ షాపులో నిలబడ్డాడు.

హ్యారీని కఠినుడనుకోకండి. ఈ కథలో ఆయన మళ్లీ మళ్లీ వస్తాడు, ప్రతిసారీ నాకు ఆయన మీద గౌరవం కాస్త పెరుగుతూనే వచ్చింది.

షాపులో మొదటి రోజే ఒక విశేషం జరిగింది. అద్దం కొనడానికి వచ్చిన ఒకామెకు బ్రయాన్ 12 పౌన్ల డైనింగ్ టేబుల్ అమ్మి పంపాడు. మాటల్లో పెట్టి అంటగట్టడం కాదిది. ఎదుటి మనిషికి ఏది నచ్చుతుందో, ఆ ఇంట్లో ఏది నప్పుతుందో చూసే కన్ను అతనికి ఉంది. ఆ కన్ను షోరూమ్ అద్దాల మీద పడింది. అప్పటిదాకా కిటికీ నిండా సామాను కిక్కిరిసి ఉండేది. బ్రయాన్ చాలావరకు తీసేశాడు. కుర్చీల వీపులు వీధి వైపుకు ఉండేలా తిప్పి పెట్టాడు. ఇంట్లో కుర్చీలు బల్ల వైపు చూస్తాయి గానీ రోడ్డు మీద పోయేవాళ్ల వైపు చూడవు కదా. కొనబోయే సరుకు వీపు చూపించడమేమిటని పెద్దవాళ్లకు కోపం వచ్చింది. పేచీలు పెరిగాయి. పని నేర్చుకు రమ్మని నాన్న అతన్ని ఆరు నెలలు వేరే ఫర్నిచర్ కంపెనీకి పంపాడు. వాళ్లకు ఈ కుర్రాడి పనితనం బాగా నచ్చింది.

1952 చివర్లో సైన్యం పిలిచింది. అప్పట్లో బ్రిటన్‌లో పద్దెనిమిదేళ్లు నిండిన మగపిల్లలందరికీ రెండేళ్ల సైనిక సేవ తప్పనిసరి. లండన్‌లో గుమాస్తాగా వేశారు. ఒక రాత్రి బ్రయాన్ నల్ల టోపీ, చారల సూటు, చేతిలో గొడుగుతో కారు దిగి బ్యారక్స్‌లోకి నడిచొస్తే కాపలావాళ్లు ఆఫీసరనుకుని సెల్యూట్ కొట్టారు. ఆఫీసరులా నటించాడని శిక్ష పడింది. ఆ ఉద్యోగానికి మానసికంగా సరిపడడని డాక్టర్లు రాశారు, గడువు తీరకుండానే ఇంటికి పంపారు.

ఇల్లు మళ్లీ తలుపు తీసింది. మళ్లీ షాపు. కొన్నాళ్లకు నటుడవుతానన్నాడు. ఈసారి హ్యారీ వద్దనలేదు. 1956లో బ్రయాన్ లండన్‌లోని రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమాటిక్ ఆర్ట్‌లో సీటు సంపాదించాడు. దేశంలో నటులు కావాలనుకునే ప్రతివాళ్లూ కలలుగనే చోటది. మూడు టర్ములు చదివి అక్కణ్నుంచీ వచ్చేశాడు.

లెక్క వేసి చూడండి. 23 ఏళ్లు. అరడజను స్కూళ్లు, సైన్యం, నటన కాలేజీ, ఏదీ పూర్తి కాలేదు. మన దగ్గరైతే ఇలాంటి అబ్బాయికి నిలకడ లేదని ముద్ర వేసి ఊరుకుంటాం. పెళ్లిళ్లలో చుట్టాలు అడిగితే మాట మార్చేస్తాం. హ్యారీ ఏం చేశాడంటే, లివర్‌పూల్ నడిబొడ్డున గ్రేట్ షార్లెట్ స్ట్రీట్‌లో నెమ్స్ కొత్త బ్రాంచి తెరిచి, అందులో రికార్డుల విభాగాన్ని పెద్దకొడుక్కి అప్పగించాడు. ఎలక్ట్రికల్ సామాను క్లైవ్‌కి ఇచ్చాడు.

ఇక్కడ అతనికి తన పని దొరికింది. ఎవరు ఏ రికార్డు అడిగినా లేదు అనకూడదన్నది బ్రయాన్ పెట్టుకున్న నియమం. షాపులో లేకపోతే ఎక్కణ్నుంచైనా తెప్పించాలి. స్టాకు చూసుకోవడానికి అతను పెట్టుకున్న పద్ధతి నాకు చాలా నచ్చింది. రికార్డుల ఫోల్డర్లకు దారాలు కట్టించాడు. చివరి కాపీ అమ్ముడవగానే దారం కిందికి వేలాడుతుంది. అలమరా వైపు ఒకసారి చూస్తే చాలు, ఏవేవి తెప్పించాలో తెలిసిపోతుంది. కంప్యూటర్ లేదు, బార్‌కోడ్ లేదు, ఒక దారప్పోగు! వ్యాపారం పుంజుకుని వైట్‌చాపెల్ వీధిలో ఇంకా పెద్ద షాపు తెరిచారు. బ్రయాన్ దాని మేనేజరు. సూటు, టై, మెరిసే బూట్లు, మృదువైన మాట. ఇంట్లో వినేది సిబేలియస్ లాంటి శాస్త్రీయ సంగీతం. షాపులో కుర్రకారు ఎగబడి కొనే రాకన్‌రోల్ అతనికి అప్పటికి అమ్మే సరుకు మాత్రమే.

ఇప్పుడు ఆ కుర్రకారు సంగతి చెప్పాలి.

లివర్‌పూల్ మెర్సీ నది ఒడ్డున ఉన్న ఓడరేవు. అట్లాంటిక్ దాటి వచ్చే ఓడల్లో సరుకుతోపాటు అమెరికా పోకడలూ వచ్చేవి. 1956లో లానీ డోనెగన్ పాటతో బ్రిటన్ అంతటా స్కిఫుల్ అనే సంగీతం అంటుకుంది. దానికి డబ్బు అక్కర్లేదు. ఒక చవక గిటారు, తాళానికి బట్టలుతికే గరుకు పలక, చెక్కపెట్టెకు కర్ర బిగించి తీగ కట్టిన బేస్, అంతే. స్కూలు పిల్లలు వేల సంఖ్యలో బృందాలు కట్టారు. జాన్ లెనన్ క్వారీమెన్ అలా మొదలైందే. తర్వాత వాయిదాల మీద ఎలక్ట్రిక్ గిటార్లు వచ్చాయి. ఇంకో ముఖ్యమైన కారణం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు. 1939 అక్టోబరు తర్వాత పుట్టినవాళ్లకు సైనిక సేవ తప్పిపోయింది. అప్పటిదాకా కాస్త చెయ్యి తిరిగిన బృందం ఏదైనా పద్దెనిమిదో ఏట సైన్యం పిలుపుతో చెదిరిపోయేది. 1940 తర్వాతి పిల్లలకు ఆ భయం లేదు. కలిసి వాయించుకుంటూ పోగలిగారు. జాన్, రింగో పుట్టింది 1940లోనే.

వాయించడానికి చోటు కావాలి కదా. చర్చి హాళ్లు, డాన్సు హాళ్లు, కాఫీ బార్లు. మోనా బెస్ట్ అనే ఒక తల్లి కథ మీరు తప్పక వినాలి. ఈవిడ బ్రిటిష్ రాజ్ కాలపు మనిషి. ఢిల్లీలో పుట్టింది. పెద్దకొడుకు పీట్ పుట్టింది మద్రాసులో. లివర్‌పూల్ చేరాక, కొడుకులూ వాళ్ల స్నేహితులూ పాటలు వినడానికి ఒక చోటుండాలని తమ పెద్ద ఇంటి సెల్లార్‌నే 1959 ఆగస్టులో కాస్బా కాఫీ క్లబ్బుగా మార్చేసింది. ప్రారంభం రోజు వాయించింది లెనన్ బృందమే. గోడలకూ కప్పుకూ రంగులు కూడా వాళ్లే వేశారు. ఏడాది తర్వాత ఆ బృందం జర్మనీలోని హాంబర్గ్ క్లబ్బులకు వెళ్తూ పీట్‌ను డ్రమ్మరుగా తీసుకెళ్లింది. అక్కడ రాత్రికి గంటల తరబడి వాయించి వాయించి రాటుదేలి తిరిగొచ్చారు.

ఇక కావెర్న్. మ్యాథ్యూ స్ట్రీట్‌లో పండ్ల గిడ్డంగుల మధ్య, పద్దెనిమిది మెట్లు దిగితే ఇటుక కమానుల కింద చీకటి గది. 1957లో జాజ్ క్లబ్బుగా మొదలై మెల్లగా బీట్ సంగీతానికి అడ్డా అయింది. మద్యం ఉండదు. సూపు, బ్రెడ్డు, టీ, కూల్‌డ్రింకు. మధ్యాహ్నం భోజనం విరామంలో చుట్టుపక్కల ఆఫీసుల టైపిస్టులు, గుమాస్తాలు పరిగెత్తుకొచ్చి వినేవారు. గాలి ఆడదు, గోడల మీద చెమట కారుతుంది. ఇదంతా బయటి ప్రపంచానికి తెలియదు. రికార్డు కంపెనీలన్నీ లండన్‌లో ఉన్నాయి, లివర్‌పూల్ వైపు చూసే తీరిక వాళ్లకు లేదు. ఊళ్లో ఒక వీధివాళ్లకు ఇంకో వీధి బృందం గురించి కూడా తెలిసేది కాదు, 1961 జులైలో బిల్ హ్యారీ అనే ఆర్ట్ కాలేజీ విద్యార్థి మెర్సీ బీట్ అనే పత్రిక పెట్టేదాకా. వందల బృందాలున్న ఆ సంగీతానికి పేరు కూడా చివరికి ఆ పత్రిక పేరే స్థిరపడింది.

నెమ్స్‌కు అమ్మకానికి వచ్చిన మెర్సీ బీట్ కాపీలు చిటికెలో అయిపోయాయి. బ్రయాన్ రెండో సంచికకు ఏకంగా 144 కాపీలు ఆర్డరిచ్చాడు. ఆగస్టు నుంచి కొత్త రికార్డుల మీద తనే ఒక శీర్షిక రాయడం మొదలుపెట్టాడు. ఆ శరదృతువులో కుర్రాళ్లు కొందరు బీటిల్స్ హాంబర్గ్‌లో వాయించిన ఒక రికార్డు కావాలని షాపుకొచ్చారు. లేదు అనకూడదన్న నియమం ఉండనే ఉంది. వాకబు చేస్తే ఆ బృందం తన షాపుకు రెండు వందల గజాల దూరంలోనే వాయిస్తోందని తేలింది.

1961 నవంబరు 9, మధ్యాహ్నం. బ్రయాన్ తన సహాయకుడు అలిస్టర్ టేలర్‌ను వెంటబెట్టుకుని, ముదురు రంగు సూటులో ఆ పద్దెనిమిది మెట్లు దిగాడు. వేదిక మీద తోలు జాకెట్లు వేసుకున్న నలుగురు. పాటకూ పాటకూ మధ్య తింటున్నారు, సిగరెట్లు కాలుస్తున్నారు, ఒకళ్లనొకళ్లు తోసుకుంటున్నారు, ప్రేక్షకులకు వీపు చూపిస్తున్నారు. అయినా జనం కళ్లు తిప్పుకోవడం లేదు. బ్రయాన్‌కు సంగీతం ఎంత ఎక్కిందో నాకు తెలియదు గానీ, అద్దాల కిటికీలో ఏది పెడితే దారిన పోయేవాడు ఆగుతాడో చిన్నప్పటి నుంచి చూసిన కన్ను అది. కొద్ది వారాల్లోనే, మీకు మేనేజరుగా ఉంటానని వాళ్లకు చెప్పాడు.

హ్యారీకి ఇది ఏమాత్రం నచ్చలేదు. ఇప్పుడిప్పుడే దారిన పడ్డ కొడుకు మళ్లీ కొత్త పిచ్చి తలకెత్తుకున్నాడని బాధ. షాపు పనికి లోటు రానివ్వనని, ఇది తీరిక వేళల్లో చేసేదేనని బ్రయాన్ సర్దిచెప్పాడు. మరి అవతలి పెద్దవాళ్ల సంగతి? అప్పటి చట్టం ప్రకారం 21 నిండితేనే మేజరు. నలుగురిలో ఆ వయసు దాటింది జాన్ ఒక్కడే. బ్రయాన్ కుర్రాళ్ల ఇళ్లకు వెళ్లి పెద్దవాళ్లను కలిశాడు. జాన్‌ను పెంచిన పెద్దమ్మ మిమీకి గిటారంటేనే చిరాకు. అయినా ఈ మర్యాదస్తుడి మాటతీరుకు ఆమె కాస్త మెత్తబడింది. 1962 అక్టోబరు ఒప్పందం మీద పాల్, జార్జ్‌ల తండ్రులు కూడా సంతకాలు పెట్టారు. వీధిలో ఎవడో వచ్చి మీ అబ్బాయిని స్టార్‌ను చేస్తానంటే మీరు సంతకం పెడతారా? ఆ తండ్రులకూ అదే ప్రశ్న. వాళ్లు చూసింది మాట ఇచ్చిన మనిషిని.

తర్వాత పని మొదలైంది. ఏ రోజు ఏ ఊరు, ఎన్నింటికి చేరాలి, ఎంతసేపు వాయించాలి, ఏం వేసుకోవాలి, అన్నీ శుభ్రంగా టైపు చేసి ప్రతివాడి చేతికీ కాగితం ఇచ్చేవాడు. వేదిక మీద తినడం, బూతులు, సిగరెట్లు బంద్. నది అవతల బర్కెన్‌హెడ్‌లో దర్జీ బెనో డార్న్ దగ్గర సూట్లు కుట్టించాడు. పాట అయ్యాక నలుగురూ ఒక్కసారిగా నడుం వంచి నమస్కరించాలి. ఇది నాటకాల కాలేజీ చదువు. వాళ్లలోని మొరటు జోరు దీంతో పోయిందని తర్వాత జాన్ చాలాసార్లు విసుక్కున్నాడు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ సూట్లు లేకపోతే టీవీ వాళ్లు గుమ్మం దాటనిచ్చేవారు కాదు.

ఆర్నెల్లు లండన్ చుట్టూ తిరిగాడు. 1962 జనవరి 1న డెక్కా కంపెనీలో ఆడిషన్. అంతకుముందు రోజు మంచులో పది గంటలు వ్యాన్‌లో ప్రయాణించి వెళ్లి పదిహేను పాటలు పాడారు. గిటారు బృందాల రోజులు అయిపోయాయన్నట్టుగా జవాబొచ్చిందని బ్రయాన్ తర్వాత రాసుకున్నాడు. మిగతా కంపెనీలూ కాదన్నాయి. అతను రైలు దిగి ముఖం వేలాడేసుకుని వస్తుంటే కుర్రాళ్లు స్టేషనుకొచ్చి కాఫీ తాగించి ఓదార్చేవారట. చివరికి ఫిబ్రవరిలో, ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోని హెచ్ఎంవీ షాపులో టేపును డిస్కుగా మార్పించుకుంటుండగా మాట మీద మాట దొరికి పార్లోఫోన్ అధిపతి జార్జ్ మార్టిన్ దాకా వెళ్లింది. పార్లోఫోన్ అప్పటికి హాస్య రికార్డులకు పేరుపడ్డ చిన్న లేబుల్. జూన్ 6న స్టూడియోకి పిలిచారు.

ఇక్కడ ఒక చేదు ముచ్చట. మార్టిన్‌కు పీట్ బెస్ట్ డ్రమ్స్ నచ్చలేదు. మిగతా ముగ్గురికీ పీట్‌తో కుదరడం లేదు. తీసేయమన్నారు, ఆ మాట చెప్పే పని మాత్రం మేనేజరు మీద పెట్టారు. ఆగస్టు 16న బ్రయాన్ పీట్‌ను ఆఫీసుకు పిలిచి చెప్పాడు. రింగో స్టార్ వచ్చాడు. రెండేళ్లపాటు తన ఇల్లు, సెల్లార్, ఫోను అన్నీ ఆ బృందానికి ఇచ్చిన మోనా బెస్ట్ ఇంటికి ఆ సాయంత్రం కొడుకు ఎలా తిరిగి వెళ్లుంటాడో! పీట్ తర్వాత చాలా ఏళ్లు ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో ఉద్యోగం చేశాడు.

ఇక 1963 గురించి ఎంత చెప్పినా తక్కువే. బీటిల్స్ మొదటి పాట 17వ స్థానం దగ్గర ఆగింది, తర్వాతివి పైకి దూసుకుపోయాయి. బ్రయాన్ వాళ్లతో ఆగలేదు. జెర్రీ అండ్ ది పేస్‌మేకర్స్ మొదటి మూడు రికార్డులూ నంబర్ వన్ అయ్యాయి. అంతకుముందు ఎవరికీ దక్కని ఘనత అది. రైల్వేలో పనిచేసే బిల్లీ జె. క్రేమర్‌ను మాంచెస్టర్ బృందం డకోటాస్‌తో జతచేశాడు. కావెర్న్‌లో కోట్లు భద్రపరిచే చోట పనిచేసిన ప్రిసిల్లా వైట్ అనే అమ్మాయి సిల్లా బ్లాక్ పేరుతో మరుసటి ఏడాది నంబర్ వన్‌కు చేరింది. 1963లో సగానికి పైగా వారాలు బ్రిటన్‌లో మొదటి స్థానంలో ఉన్నది బ్రయాన్ చూసుకునే వాళ్ల పాటే. లండన్ కంపెనీల మనుషులు ఇప్పుడు లివర్‌పూల్ రైలెక్కారు. సర్చర్స్, స్వింగింగ్ బ్లూ జీన్స్ లాంటి ఇతరులూ వెలుగులోకి వచ్చారు.

అమెరికా బేరం అతని తెలివికి మంచి ఉదాహరణ. 1963 నవంబరులో న్యూయార్క్ వెళ్లి ఎడ్ సలివన్ టీవీ షోకు మూడు ప్రదర్శనలు మొత్తం 10,000 డాలర్లకే ఒప్పుకున్నాడు. తక్కువే. బదులుగా పోస్టరు మీద మొదటి పేరు బీటిల్స్‌దే ఉండాలన్నాడు. 1964 ఫిబ్రవరి 9న ఆ షో చూసినవాళ్లు సుమారు 7.3 కోట్ల మంది. అదే మనిషి బీటిల్స్ బొమ్మలు, విగ్గులు, బ్యాడ్జీలు అమ్ముకునే హక్కుల్లో 90 శాతం అవతలివాళ్లకు వదిలేసి, తమకు 10 శాతం చాలన్నాడు. అప్పట్లో అలాంటి వ్యాపారం ఎంత పెద్దదవుతుందో తెలిసినవాళ్లు తక్కువ. పోయిన డబ్బు లెక్క తెలిసొచ్చాక కోర్టు కేసులు నడిచాయి, బ్రయాన్‌ను ఆ దిగులు చాలాకాలం వదల్లేదు.

నెమ్స్ ఆఫీసు లండన్‌కు మారింది. ఊళ్లో మిగిలిపోయిన బృందాలు చాలావరకు చెదిరిపోయాయి. మా వాళ్లను మా నుంచి తీసుకుపోయాడని కావెర్న్ పాత అభిమానులు కొందరు అతన్ని క్షమించలేదు.

ఇప్పటిదాకా చెప్పనిది ఒకటుంది. దాన్ని వదిలేసి ఈ జీవితాన్ని చెప్పడం నిజాయితీ కాదు. బ్రయాన్ మనసు పురుషుల వైపే మొగ్గేది. అప్పటి ఇంగ్లండు చట్టంలో అది జైలుకు పంపే నేరం. బెదిరించి డబ్బు గుంజినవాళ్లున్నారు, కొట్టి దోచుకున్నవాళ్లున్నారు. పోలీసుల దగ్గరకు వెళ్తే తన గుట్టే బయటపడుతుంది. ఇంట్లోవాళ్లకు సంగతి తెలుసు, అయినా వెలివేయలేదు. నిత్యం చిరునవ్వుతో, నలగని సూటుతో కెమెరాల ముందు నిలబడే మనిషి రాత్రిళ్లు నిద్రపట్టక మాత్రలు మింగేవాడు. పగలు మెలకువగా ఉండటానికి వేరే మాత్రలు.

1966 ఆగస్టులో బీటిల్స్ ఊరూరా ప్రదర్శనలు ఇవ్వడం మానేశారు. టైపు చేసిన ఆ కాగితాల అవసరం తీరిపోయింది. 1967 జులై 17న హ్యారీ చనిపోయాడు. బ్రయాన్ కర్మలకు లివర్‌పూల్ వెళ్లి వచ్చాడు. ఆగస్టులో క్వీనీ లండన్ వచ్చి కొడుకు దగ్గర కొన్నాళ్లు ఉంది. ఆ రోజుల్లో అతను పొద్దున్నే లేచి, తల్లితో కలిసి టిఫిన్ చేసి, వేళకు ఆఫీసుకు వెళ్లేవాడట. ఆమె ఇంటికి తిరిగి వెళ్లిన కొద్ది రోజులకే, ఆగస్టు 27 ఆదివారం, పడకగది తలుపు ఎంత కొట్టినా తెరుచుకోలేదు. నిద్రమాత్రల మోతాదు ఒంట్లో పేరుకుపోయి ప్రమాదవశాత్తూ జరిగిన మరణమని విచారణలో తేలింది. పురుషుల మధ్య సంబంధాన్ని నేరాల జాబితాలోంచి తీసేసిన కొత్త చట్టానికి రాణి ఆమోదం పడి అప్పటికి సరిగ్గా నెల.

బీటిల్స్ ఆ రోజు వేల్స్‌లోని బ్యాంగర్‌లో మన మహర్షి మహేశ్ యోగి శిబిరంలో ఉన్నారు. కబురు అక్కడికే చేరింది. జనం ఎగబడతారని అంత్యక్రియలకు నలుగురూ వెళ్లలేదు. అక్టోబరులో లండన్ యూదు మందిరంలో జరిగిన స్మారక ప్రార్థనకు వచ్చారు. ఆరు వారాల్లో భర్తనూ కొడుకునూ పోగొట్టుకున్న క్వీనీ ఆ తర్వాత దాదాపు ముప్పయ్యేళ్లు బతికింది.

కావెర్న్‌ను 1973లో మూసేశారు. పాత ఇటుకలు కొన్ని వాడి 1984లో మళ్లీ కట్టారు. 2022 ఆగస్టు 27న లివర్‌పూల్ వాళ్లు బ్రయాన్ కాంస్య విగ్రహం పెట్టారు. అది కావెర్న్ దగ్గర కాదు, వైట్‌చాపెల్‌లో, అతని పాత రికార్డుల షాపు ఉన్న చోటికి దగ్గర్లో.